తప్పు జవాబు ఎటు పోతుంది?

డిజిటల్ పాఠాలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వర్షన్ వచ్చినప్పుడల్లా దాని వెంట కొత్త సదుపాయాల చిట్టా ఒకటి వస్తుంది. ఫోన్‌లో చూసినా కంప్యూటర్‌లో చూసినా తెరకు తగ్గట్టు సర్దుకునే పేజీలు, బొమ్మలో ఎక్కడ తాకితే అక్కడ తెరుచుకునే వివరాలు, వీడియో మధ్యలో ఆగి అడిగే ప్రశ్నలు, టైపు చేసిన వాక్యాన్ని చదివి వినిపించే యంత్రస్వరం, ఒక పేరా ఇస్తే పది ప్రశ్నలు తయారుచేసి ఇచ్చే కృత్రిమ మేధ, ఇలా సాగుతుంది ఆ చిట్టా. అడోబీ సంస్థ తన క్యాప్టివేట్‌ను 2023లో దాదాపు కొత్తగా కట్టి విడుదల చేసింది. ఆర్టిక్యులేట్ సంస్థ 2024లో తన పనిముట్లకు కృత్రిమ మేధను జోడించింది. నార్వేలో పుట్టిన ఉచిత సాధనం హెచ్5పీ 2013 నుంచి ఒక్కో రకం ప్రశ్నను, ఆటను చేర్చుకుంటూ వస్తోంది.

వీటన్నిటినీ కలిపి ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ అంటారు. ప్రోగ్రామింగ్ రాని బడిపంతులు, వ్యవసాయాధికారి, నర్సులకు శిక్షణ ఇచ్చే డాక్టరు తమకు తెలిసిన విషయాన్ని తామే పాఠంగా మలుచుకోడానికి పనికొచ్చే సాధనం ఇది. మరి చిట్టాలో ఇన్ని సదుపాయాలుంటే ఏది చదువుకు పనికొస్తుంది, ఏది కంటికి ఇంపుగా ఉండి ఊరుకుంటుంది? తేల్చుకోడానికి ఈ అధ్యాయంలో ఒకే ప్రశ్న పట్టుకుందాం. నేర్చుకునే మనిషి తప్పు జవాబు ఇస్తే ఆ తప్పు ఎటు పోతుంది?

కొబ్బరి మట్ట మీద మసి

ప్రశ్నను గాలిలో వదిలేయకుండా ఒక పాఠానికి కట్టి చూద్దాం. కోనసీమ కొబ్బరి రైతు కోసం తెల్లదోమ మీద పాఠం తయారుచేయాలి అనుకోండి.

మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో తొలిసారి 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో బయటపడింది. ఆ తరవాత గోదావరి డెల్టా తోటల్లోకీ దిగింది. ఆకు అడుగున గుడ్లను చుట్లు చుట్లుగా పెట్టడం వల్ల దానికా పేరు వచ్చింది. ఇది ఆకు రసం పీల్చి తియ్యటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింది మట్టల మీద పడుతుంది, దాని మీద నల్లటి బూజు పెరుగుతుంది. రైతులు దాన్ని మసి తెగులు అంటారు. చెట్టు కింద నిలబడి తల ఎత్తిన మనిషికి ముందు కనబడేది దోమ కాదు, ఆ మసి. అంత నల్లగా కనబడేసరికి ఘాటైన పురుగుమందు కొట్టాలనిపించడం సహజం.

చిక్కంతా అక్కడే ఉంది. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే కంటికి ఆనీ ఆనని కందిరీగ తెల్లదోమ పిల్లపురుగుల్లో గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది. రసాయన మందు కొడితే ఈ మిత్రపురుగు కూడా పోతుంది. అడ్డు తొలగిన దోమ మళ్ళీ విజృంభిస్తుంది. అందుకే శాస్త్రవేత్తలు చెప్పే మార్గాలు వేరు. ఆకు అడుగుకు తగిలేలా నీటిని వేగంగా చిమ్మాలి, వేపనూనె వాడాలి, పసుపు జిగురు అట్టలు కట్టాలి. మసి పట్టిన ఆకుల మీద 1 శాతం గంజి ద్రావణం చల్లితే ఎండిన తరవాత ఆ మసి పొరలుగా రాలిపోతుంది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం మిత్రపురుగులు, మిత్ర శిలీంధ్రాలతో ఈ దోమను అదుపు చేసే పద్ధతులను రైతుల్లోకి తీసుకెళ్ళింది.

ఇదంతా పన్నెండు స్లైడ్లలో పెట్టి, చివర నాలుగు ప్రశ్నలు వేసి, తప్పు చెప్పినవారికి "మళ్ళీ ప్రయత్నించండి" అని చూపిస్తే పాఠం తయారైనట్టే కనబడుతుంది. రైతు రెండో జవాబు నొక్కుతాడు, అదీ కాకపోతే మూడోది. చివరికి పచ్చటి టిక్కు వస్తుంది. అతను పురుగుమందు అని ఎందుకు నొక్కాడో పాఠానికి తెలియదు, తయారుచేసిన మనిషికీ తెలియదు. తప్పు జవాబు ఎటూ పోలేదు, తెర మీదే ఆవిరైపోయింది.

స్కిన్నర్ ఒక దారి, క్రౌడర్ ఒక దారి

తప్పుతో ఏం చేయాలన్న చర్చ కంప్యూటర్ల కంటే ముందే మొదలైంది. అమెరికన్ మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ 1953లో తన కూతురి లెక్కల తరగతిలో కూర్చున్నాడు. లెక్క త్వరగా చేసేసిన పిల్లలు ఖాళీగా ఉన్నారు, రాని పిల్లలు తంటాలు పడుతున్నారు. చేసింది ఒప్పో తప్పో వెంటనే చెప్పేవాళ్ళు ఎవరికీ లేరు. స్కిన్నర్ ఇంటికి వెళ్ళి బోధన యంత్రం తయారీకి పూనుకున్నాడు. 1958లో సైన్స్ పత్రికలో దాని మీద వ్యాసం రాశాడు. ఆ యంత్రంలో పాఠం చిన్న చిన్న మెట్లుగా ఉంటుంది. పిల్లవాడు జవాబు రాసి మీట తిప్పితే సరైన జవాబు కనబడుతుంది. తప్పు చేసే అవకాశమే రానంత చిన్నగా మెట్లు కోయడం పాఠం రాసేవాడి పనితనం అని స్కిన్నర్ నమ్మాడు.

అదే కాలంలో అమెరికా వైమానిక దళంలో ఎలక్ట్రానిక్ పరికరాల మరమ్మతు నేర్పే పనిలో ఉన్న నార్మన్ క్రౌడర్ దీనికి ఎదురు దారి పట్టాడు. మరమ్మతు పనిలో తప్పులు జరగకుండా ఉండవు. ఏ తప్పు చేశాడన్నదే మనిషి బుర్రలో ఏముందో చెబుతుంది. కాబట్టి ఒక్కో తప్పు జవాబుకు ఒక్కో పేజీ రాయాలి అన్నాడు. అతని పుస్తకాల్లో పేజీలు వరసగా చదవడానికి ఉండవు. మొదటి జవాబు ఎంచుకుంటే ఒక పేజీకి, రెండోదైతే మరో పేజీకి వెళ్ళాలి. వెళ్ళిన చోట "మీరు ఇలా అనుకొని ఉంటారు, అందులో పొరపాటు ఇదీ" అని వివరణ ఉంటుంది.

ఆ పద్ధతికి కంప్యూటర్ చేరిన చోటు ఇలినాయ్ విశ్వవిద్యాలయం. అక్కడ డొనాల్డ్ బిట్జర్ 1960లో మొదలుపెట్టిన ప్లేటో వ్యవస్థ కోసం జంతుశాస్త్ర విద్యార్థి పాల్ టెంజార్ ట్యూటర్ అనే భాష తయారుచేశాడు. ప్రోగ్రామింగ్ చదువుకోని అధ్యాపకులే పాఠాలు రాయాలన్నది దాని ఉద్దేశం. అందులో సరైన జవాబును గుర్తించే ఆదేశం ఒకటి, ముందే ఊహించిన తప్పు జవాబును గుర్తించే ఆదేశం మరొకటి ఉండేవి. తప్పుకు కూడా పాఠంలో ఒక పంక్తి కేటాయించాలని ఆ భాషే గుర్తుచేసేది. 1987లో వచ్చిన ఆథర్‌వేర్ ఈ పనిని బొమ్మలుగా మార్చింది. నిలువు గీత మీద గుర్తులు పేర్చుకుంటూ పోతే పాఠం నడుస్తుంది. ఇవాళ్టి ఆథరింగ్ సాఫ్ట్‌వేర్లన్నీ ఈ వంశంలోవే.

కొమ్మలు వేసే పాఠం

కొత్త వర్షన్లలో "బ్రాంచింగ్ సినారియో" అని కనబడే సదుపాయం క్రౌడర్ పుస్తకానికి మనవడు. మన తెల్లదోమ పాఠాన్ని ఇందులో మళ్ళీ కడదాం. మొదటి తెర మీద మసి పట్టిన మట్ట ఫొటో, కింద మూడు దారులు: పురుగుమందు కొట్టడం, ఆకు తిప్పి అడుగున చూడటం, ఏమీ చేయకుండా ఆగడం. పురుగుమందు నొక్కిన రైతుకు "తప్పు" అన్న మాట కనబడదు. మొదట దోమ తగ్గినట్టు కనబడుతుంది, కొన్ని తెరల తరవాత అదే చెట్టు మరింత నల్లగా ఎదురవుతుంది. ఆకు అడుగున భూతద్దం పెడితే చచ్చిన కందిరీగలు. అప్పుడు పాఠం అడుగుతుంది: దోమను తినేవాళ్ళు ఏమయ్యారు?

దీని వెనక సాఫ్ట్‌వేర్ చేసే పని రెండు రకాలు. ఒకటి, దారులను చెట్టు బొమ్మగా చూపించడం. ఇది అందం కోసం పెట్టింది కాదు. ఒక్కో చోట 3 దారులు, మొత్తం 5 నిర్ణయాలు అనుకుంటే చివరికి 243 ముగింపులు తేలతాయి. అన్ని తెరలు ఎవరూ రాయలేరు. రెండోది వేరియబుల్. రైతు మందు కొట్టాడా లేదా అన్న ఒక్క సంగతిని పాఠం గుర్తుపెట్టుకుంటే చాలు, దారులన్నీ మళ్ళీ ఒకే తెర దగ్గర కలవవచ్చు. ఆ తెర మీద కనబడే చెట్టు మాత్రం ఒకరికి పచ్చగా, ఒకరికి నల్లగా ఉంటుంది. ఇరవై ముప్పై తెరలతో పని ముగుస్తుంది.

తప్పు చేసి చూడటానికి నిజ జీవితంలో వీల్లేని విషయాలకు ఈ పద్ధతి మరీ అవసరం. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి వెలువడిన గ్యాస్ అంటుకొని 20 మందికి పైగా చనిపోయారు. పైపులైన్లు ఊళ్ళ మధ్య నుంచి పోయే కోనసీమలో గ్యాస్ భద్రత పాఠం ప్రతి ఇంటికీ కావాలి. లీకైందని అనుమానం వస్తే లైటు స్విచ్ వేయకూడదని చాలామందికి తెలుసు. వెలుగుతున్న లైటును ఆపబోవడం కూడా ప్రమాదమేనని తెలియదు, స్విచ్ ఎటు కదిపినా లోపల నిప్పురవ్వ పుడుతుంది. "వెంటనే మెయిన్ ఆపేస్తాను" అనే జవాబు జాగ్రత్తపరుడు ఇచ్చే తప్పు జవాబు. దానికి ప్రత్యేకంగా ఒక కొమ్మ లేకపోతే ఆ పాఠం సగమే.

మార్కు నుంచి ఆనవాలుకు

రైతు ఏ కొమ్మ పట్టాడో తెర మీద తేలింది. ఆ కబురు పాఠం రాసిన మనిషికి చేరాలి. ఇక్కడ చాలాకాలం ఇబ్బంది పెట్టింది ఒక ప్రమాణం. అమెరికా రక్షణ శాఖ చొరవతో పుట్టిన స్కార్మ్ ప్రమాణం 2001లో 1.2 వర్షన్‌గా స్థిరపడింది. ఒక సాఫ్ట్‌వేర్‌లో తయారైన పాఠం ఏ శిక్షణ వేదిక మీదైనా నడవాలన్నది దాని లక్ష్యం, అది నెరవేరింది కూడా. అయితే ఆ ప్రమాణంతో వేదికలు ముఖ్యంగా దాచుకున్నవి పూర్తయిందా, పాసయ్యాడా, ఎన్ని మార్కులు అన్న సంగతులే. మధ్యలో ఆపినవాడు ఎక్కడ ఆగాడో, ఏమేం ఎంచుకున్నాడో పాఠం తన సొంత జ్ఞాపకంగా రాసుకోడానికి ఇచ్చిన చోటు 4096 అక్షరాలు. కొమ్మలు ఎక్కువున్న పాఠం ఆ హద్దు దాటితే, మళ్ళీ తెరిచినప్పుడు మొదటికి వచ్చిన సందర్భాలు శిక్షణ రంగంలో పనిచేసేవారికి బాగా తెలుసు.

2013లో వచ్చిన ఎక్స్‌ఏపీఐ ప్రమాణం దారి మార్చింది. ఇందులో పాఠం చిన్న చిన్న వాక్యాలు పంపుతుంది. ఎవరు, దేన్ని, ఏం చేశారు అన్న మూడు సంగతులు ప్రతి వాక్యంలోనూ ఉంటాయి. స్కార్మ్ పంపేది ప్రోగ్రెస్ కార్డు అయితే, ఎక్స్‌ఏపీఐ పంపేది జవాబు పత్రం. "కొత్త వర్షన్ ఎక్స్‌ఏపీఐకి అనుకూలం" అన్న ఒక్క ముక్క చిట్టాలో ఎక్కడో చివర కనబడుతుంది. మన కొలబద్దతో చూస్తే అది మొదటి వరసలో ఉండాల్సిన మాట. ఎంతమంది పురుగుమందు నొక్కారు, అందులో ఎంతమంది ఆకు తిప్పి చూసిన తరవాత కూడా నొక్కారు అన్నది తెలిస్తేనే పాఠం రెండోసారి మెరుగ్గా రాయగలం.

ఇందులో ఒక హెచ్చరిక ఉంది. తప్పుల చిట్టా మనిషి పేరుతో కలిసి ఉంటే అది అతని మీద ఆయుధం కావచ్చు. పాఠాన్ని దిద్దుకోడానికి పేరు అవసరం లేదు, లెక్క చాలు. 2023లో మన దేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా చెప్పిన పనికి కావలసినంత సమాచారమే తీసుకోమంటుంది.

సిగ్నల్ లేని రోజున

తప్పు జవాబు పాఠకర్తకు చేరాలంటే నడుమ ఇంటర్నెట్ ఉండాలి కదా. కోనసీమ వాసులకు అది ఎంత గట్టి హామీయో 2022లో తెలిసివచ్చింది. జిల్లా పేరు విషయంలో మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తరవాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి ఐటీ ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ అందే చోట్లు వెతుక్కుంటూ గోదావరి ఒడ్డుకు చేరారు. జులై వచ్చేసరికి ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంక గ్రామాలు నీళ్ళలో చిక్కాయి. కాజ్‌వేలు మునిగినప్పుడల్లా బడికి పడవే దిక్కయ్యే ఊళ్ళు రాజోలు వైపూ ఉన్నాయి, కొత్తపేట వైపూ ఉన్నాయి.

ఇలాంటి చోటు కోసం చేసిన సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలో చూపడానికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. 2017లో మొదలైన జాతీయ వేదిక దీక్షను సన్‌బర్డ్ అనే బహిరంగ సాఫ్ట్‌వేర్ మీద కట్టారు. దాన్ని తయారుచేసింది నందన్ నీలేకని, రోహిణి నీలేకని, శంకర్ మారువాడ నెలకొల్పిన ఏక్‌స్టెప్ ఫౌండేషన్. ఆంధ్రప్రదేశ్ పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన కనబడే క్యూఆర్ కోడ్ తీసుకెళ్ళేది దీక్షకే. అందులోనే పాఠాలు తయారుచేసే ఎడిటర్ కూడా ఉంది. ఉపాధ్యాయుడు రాసింది ముందు చిత్తుప్రతిగా ఉంటుంది, పరిశీలకుడు చూసి ఆమోదించాకే అందరికీ కనబడుతుంది. హెచ్5పీలో చేసిన పాఠాన్ని కూడా ఇందులోకి ఎక్కించవచ్చు.

ఇందులో రెండు ఏర్పాట్లు మన ప్రశ్నకు నేరుగా సంబంధించినవి. పాఠాన్ని ఒక్కసారి ఫోన్‌లోకి దించుకుంటే ఆ తరవాత నెట్ అక్కర్లేదు. ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు ఫైలుగా ఇచ్చేయవచ్చు కూడా. పిల్లవాడు ఇచ్చిన జవాబులు, తప్పులతో సహా, ఫోన్‌లోనే దాగి ఉండి, సిగ్నల్ అందినప్పుడు కేంద్రానికి చేరతాయి. నాలుగు రోజులు ఆలస్యమైనా తప్పు జవాబు దారి తప్పదు. రెండోది క్యూఆర్ కోడ్. పుస్తకంలో అచ్చయింది ఆరు అక్షరాల గుర్తింపు మాత్రమే, ఆ గుర్తింపు వెనక ఏ పాఠం ఉండాలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జవాబులు చూసి పాఠం దిద్దితే, పిల్లవాడి చేతిలో ఉన్న పాత పుస్తకమే కొత్త పాఠాన్ని తెరుస్తుంది.

పాఠం ఏ సాంకేతికత మీద నిలబడిందన్నది కూడా చూసుకోవాలి. ఒకప్పుడు కదిలే బొమ్మల పాఠాలన్నీ ఫ్లాష్‌లో తయారయ్యేవి. 2020 డిసెంబర్ 31తో అడోబీ దానికి మద్దతు ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి ఆ బొమ్మలు నడవడమే మానేశాయి. మూల ఫైళ్ళు దాచుకోనివారి పాఠాలు ఆ రోజుతో పోయాయి. కొత్త సాఫ్ట్‌వేర్లు ఏ బ్రౌజర్ అయినా చదవగల హెచ్‌టీఎంఎల్5లో పాఠాలు ఇవ్వడానికి ఒక కారణం ఇదే.

వత్తు తెగితే ప్రశ్న మారిపోతుంది

ఇంగ్లీషు పాఠాలకు లేని బాధ ఒకటి తెలుగు పాఠాలకు ఉంది. తెలుగు అక్షరానికి పైన గుణింతం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద వత్తు. ఇంగ్లీషు కొలతతో గీసిన బటన్‌లో "రాష్ట్రం" అని రాస్తే కింది వత్తులు అంచుకు తగిలి తెగిపోతాయి. నేర్చుకునేవాడు జవాబు తప్పు చెప్పాడంటే విషయం తెలియక చెప్పాడా, అక్షరం కనబడక చెప్పాడా తేల్చలేం.

కంప్యూటర్ "జ్ఞా" అనే అక్షరాన్ని ఒక్కటిగా దాచదు. జ, పొల్లు గుర్తు, ఞ, దీర్ఘం అని నాలుగు సంకేతాలుగా దాస్తుంది. తెర మీద వాటిని అల్లి ఒక్క అక్షరంగా గీసే పని వేరే ప్రోగ్రాముది. ఆ అల్లిక ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఈ సంకేతాల నడుమ కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి చేరిన "జ్ఞా" సందేశంగా వస్తే ఐఫోన్‌లో సందేశాల యాప్ కూలిపోయేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.6 వర్షన్ విడుదల చేసి సరిదిద్దింది.

మన అచ్చు రంగంలో ఏళ్ళ తరబడి వాడిన అను వంటి పాత ఫాంట్లది ఇంకో కథ. వాటిలో తెలుగు రూపం కనబడేది గానీ లోపల దాగేది ఇంగ్లీషు సంకేతాలే. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో పాఠం అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపుగా కనబడుతుంది. అంధ విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ కూడా దాన్ని అలాగే చదువుతుంది. అదే యూనికోడ్‌లో రాసిన పాఠాన్ని స్క్రీన్ రీడర్ చదువుతుంది, యంత్రస్వరం పలుకుతుంది, వెతికితే దొరుకుతుంది. తెలుగు పాఠానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు చేయాల్సిన మొదటి పరీక్ష చాలా చిన్నది. "జ్ఞానం, రాష్ట్రం, వస్త్రం" అని ఒక బటన్‌లో రాసి, పాఠాన్ని ఎగుమతి చేసి, చౌక ఫోన్‌లో తెరిచి చూడాలి.

యంత్రం రాసే ప్రశ్నలు

ఇక కృత్రిమ మేధ. తెలుగు పాఠకర్తకు ఇది నిజంగా శ్రమ తగ్గించింది. మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో శ్రుతి, మోహన్ అనే పేర్లతో తెలుగు గొంతులు ఉన్నాయి. 2022 జులైలో కేంద్రం ప్రారంభించిన భాషిణి, ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం భారతీయ భాషల అనువాదాన్నీ మాటనూ అందుబాటులోకి తెస్తున్నాయి. స్టూడియో అక్కర్లేదు, ఒక వాక్యం మారితే మళ్ళీ రికార్డు చేయనక్కర్లేదు. అక్షరాలు కూడబలుక్కుని చదివే కొబ్బరి దింపు కార్మికుడు కూడా పాఠం వినగలడు. పుస్తక భాష తీరులో పలికే ఆ గొంతు చేత కోనసీమ యాస పలికించడం మాత్రం ఇప్పటికి కష్టమే.

ప్రశ్నల తయారీలో సంగతి వేరు. తెల్లదోమ పేరా ఇచ్చి ప్రశ్న అడగమంటే యంత్రం చక్కటి వాక్యమే రాస్తుంది. సరైన జవాబు కూడా పేరాలోంచి ఏరుకుంటుంది. మిగిలిన మూడు తప్పు జవాబులు ఎక్కణ్ణుంచి తెస్తుంది? పేరాలో అవి లేవు. "చెట్టుకు నీళ్ళు మానేయడం", "వేర్లు తవ్వి తీయడం" వంటి, ఏ రైతూ నమ్మని జవాబులు పెడితే సరైనది దానంతట అదే బయటపడుతుంది. అలాంటి ప్రశ్నకు అందరూ సరిగ్గా జవాబు చెబుతారు, ఎవరూ ఏమీ నేర్చుకోరు.

మంచి తప్పు జవాబు అంటే మనుషులు నిజంగా నమ్మేది. మసి అంటే తెగులు కదా, తెగులు మందు కొడితే పోదా అన్న అనుమానం తోటలో పుడుతుంది. పక్క తోటవాడు మందు కొట్టాడు, నేను కొట్టకపోతే దోమంతా నా మీదికే వస్తుంది అన్న భయం అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో టీ తాగుతూ మాట్లాడుకునేటప్పుడు బయటపడుతుంది. ఇవి ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు కనుక పుస్తకాలు చదివిన యంత్రానికి వాటంతట అవి తట్టవు. రైతుల నోటి నుంచి విని రాసుకున్న పది అనుమానాలు ముందు పెట్టి, వీటితో ప్రశ్నలు చేయమంటే మాత్రం అదే యంత్రం బాగా పనిచేస్తుంది. ఒక్కో అనుమానానికి ఒక్కో కొమ్మ చిత్తుగా రాసి ఇస్తుంది. దాన్ని దిద్దే పని, మందుల మోతాదులు శాస్త్రవేత్తకు చూపించే పని మనిషికి ఉంటాయి.

కాబట్టి కొత్త వర్షన్ చేతికొచ్చినప్పుడు మొదట తెరవాల్సింది టెంప్లేట్ల పేజీ కాదు. పది మంది రైతులనో పిల్లలనో కూర్చోబెట్టి పాఠం లేకుండానే ప్రశ్న అడగాలి, వాళ్ళ తప్పు జవాబులు వాళ్ళ మాటల్లోనే రాసుకోవాలి. వాటిలో తరచుగా వచ్చే మూడింటికి కొమ్మలు వేసి, నెట్ లేకపోయినా జవాబులు దాచుకునే పద్ధతిలో పాఠాన్ని బయటికి పంపాలి. నెల తరవాత వచ్చిన లెక్కలో నాలుగో తప్పు ఏదో కనబడుతుంది. అప్పుడు పాఠానికి రెండో వర్షన్ మొదలుపెట్టాలి.